మడత విప్పని చీరలు

2007 ఆగస్టు 17, శ్రావణ శుక్రవారం, ఉదయం పదకొండు గంటల ఇరవై నిమిషాలకు కర్ణాటక నంబరున్న తెల్ల కారొకటి గద్వాలలో మా గల్లీలోకి వచ్చింది. గల్లీలో మా ఇల్లు ముందు, మా తోటికోడలి ఇల్లు తర్వాత. చీరల కోసం ఎవరొచ్చినా మొదట మా గడపే ఎక్కేవారు. నేను చాప పరిచి నిలబడ్డాను. కారు నన్ను దాటిపోయి ఆమె ఇంటి ముందు ఆగింది. దిగిన ఇద్దరు ఆడవాళ్ల చేతిలో ఒక ఫొటో కాగితం ఉంది. దాన్ని చూపించి, ఈ చీర ఉన్న ఇల్లు ఇదేనా అని అడిగారు.

రెండింటి దాకా అక్కడే ఉన్నారు. నవ్వులు గోడ దాటి వినిపించాయి. రెండుసార్లు చాయ్ వెళ్లింది. పోయేటప్పుడు ఏడు చీరలు పట్టుకుపోయారు. కారు డిక్కీలో పెడుతుంటే లెక్కపెట్టాను.

మా తోటికోడలిది వనపర్తి. పుట్టింట్లో కిరాణా దుకాణమే తప్ప మగ్గం లేదు. మా చీరకు నడుమంతా నూలు, అంచూ కొంగూ పట్టు. ఆ రెండింటినీ నేతలోనే ముడివేసి ఎలా కలుపుతారో ఆమెకు చూపించింది నేను. అన్నదమ్ములు వేరుపడ్డాక ఆమె కూడా చీరల వ్యాపారమే పెట్టుకుంది. అప్పుడూ నేనేమీ అనలేదు.

మా ఆయన పోయిన తర్వాత నేను మూడు మగ్గాలకు నూలూ పట్టూ ఇచ్చి నేయించుకునేదాన్ని. నా పేరు నిలబెట్టింది మాత్రం అందులో ఒక్క మగ్గమే. ఆ నేతగాడు నూలునూ పట్టునూ కలిపిన చోట బొటనవేలితో రాసి చూసినా ముడి తగిలేది కాదు. ఆ సంవత్సరం నా చీరలు కదల్లేదు. దీపావళి లోపల కదలకపోతే అతనికి కొత్త పడుగు ఇవ్వలేను. ఇవ్వకపోతే అతను ఇంకొకరి దగ్గరికి పోతాడు. ఆ ఇంకొకరు ఎవరో నాకు తెలుసు.

సాయంత్రం ఆమెనే అడిగాను, ఆ ఫొటో కాగితం ఎక్కడిదని.

"ఏం లేదక్కా, నెట్ల జర ఫొటోలు పెట్టినం," అంది, వాకిట్లో వడియాలు పెట్టినట్టు.

మర్నాడు పాత బస్టాండు దగ్గరి నెట్ సెంటరుకు వెళ్లాను. అరగంటకు పదిహేను రూపాయలు. సెంటరు నడిపే ఆయన మూడు చోట్లు చూపించాడు. ఒకటి, ఎవరి పేజీ వాళ్లు పెట్టుకుని ఒకరి పేజీ మీద ఒకరు నాలుగు మాటలు రాసిపోయేది. రెండోది ఉత్త ఫొటోలది. మూడోది మెయిల్ గ్రూపు. ఒకరు ఉత్తరం రాస్తే గ్రూపులో ఉన్న అందరికీ పోతుంది. ఏదీ పెట్టకుండా మూడు వారాలు ఊరికే చూశాను. మొదటిదాంట్లో ధర అడిగేవాళ్లు ఎక్కువ, కొనేవాళ్లు తక్కువ. ఫొటోల సైటులో మెచ్చుకునేవాళ్లే గాని చీర కట్టేవాళ్లు కనపడలేదు. మెయిల్ గ్రూపులో అందరూ ఆడవాళ్లు, చాలామంది ఉద్యోగస్తులు. నూలు సంగతి, రంగు పోతుందా పోదా అన్న సంగతి అడిగేవారు. కొనేది వాళ్లేనని తేల్చుకున్నాను. ఇంత విడదీసి చూసే ఓపిక మా తోటికోడలికి లేదు. ఒకే ఫొటో మూడు చోట్లా పడేసేది.

ఆ ఫొటోలో ఆమె కోడలు చీర కట్టుకుని, కొంగు చేతి మీద పరిచి, కోటగోడ దగ్గర నిలబడి ఉంది.

మా వ్యాపారంలో ఒక కట్టుబాటు ఉంది. మగ్గం దిగి మడత పడిన చీరను ఒంటికి చుట్టుకునేది కొన్న మనిషే. ఒకసారి ఒంటి మీదికి పోతే అది కట్టిన చీర, సగం ధరకు దిగుతుంది. కొంగును లోపలికి మడిచి పెడతాం. చాప మీద కూర్చున్నవాళ్లకే విప్పి చూపిస్తాం, పక్కవాళ్లు డిజైను ఎత్తుకుపోకుండా. నేను అలాగే మడత మీద ఫొటోలు తీయించి, ఎన్నో నంబరు నూలు, ఎన్ని గ్రాముల పట్టు, ఎంత ధర అన్నీ కింద రాయించి మూడు చోట్లా పెట్టించాను. పేజీల సైటులో చూస్తే ఎవరో అడిగారు, తువ్వాళ్లు కూడా అమ్ముతారా అని.

ఆ కోపం మీద ఆమె ఇంటికి వెళ్లాను. "నీ కోడలు కట్టిడిసిన చీరను కొత్తదని అమ్ముతున్నవా?" అన్నాను.

"దాస్తలేనక్కా. ఫొటోకు కట్టిందని చెప్పే అమ్ముతున్న," అంది. "అయినా వాళ్లకు గా చీరనే కావాల్నంట."

వాళ్లకు తెలియక కొన్నారంటే నేను ఓర్చుకునేదాన్ని.

మెయిల్ గ్రూపుకు మాత్రం ఫొటోలతో పాటు రెండు పేజీల ఉత్తరం రాయించాను, మా చీర ఎలా నేస్తారో, కలిపిన చోట మంచి పని ఎలా గుర్తుపట్టాలో. ఇద్దరు కొన్నారు. ఆ వారమే నా ఉత్తరం కింద మా తోటికోడలు పెట్టిన ఫొటో వచ్చి కూర్చుంది. దాని కింద నాగర్‌కర్నూల్ టీచరమ్మ మా తోటికోడలికి రాసింది, దసరాకు వస్తాను, మీ ఇల్లు ఎక్కడ అని. పన్నెండేళ్లుగా ఆమె నా చాప మీద కూర్చుని కొన్న మనిషి. ఆ అడిగిన ఇంటికీ మా ఇంటికీ నడుమ ఉన్న గోడకు ఆనుకునే కూర్చునేది.

నవంబరు 5, సోమవారం, నేతగాడు చేతిలో ఉన్న చీర పూర్తిచేసి తెచ్చాడు. చాప చివర కూర్చున్నాడు.

"కోపం చేయకు పెద్దమ్మా. చిన్నమ్మ దగ్గర పడుగు తీసుకుంటున్న."

చీరకు యాభై పెంచుతానన్నాను.

"కూలి మాట కాదు. నెట్ సెంటరుకు పోయి చూసిన. నువ్వు పెట్టిన దాంట్ల నా పని కనవడలే. చిన్నమ్మ కోడలు కట్టిన చీర వేరేటోళ్లు నేసింది. ముడి ఎంత దొడ్డుగున్నదో ఫొటోలనే కనవడ్తుంది. దాన్నే గంతమంది మంచిగున్నదన్నరు. నా అంచు చూస్తే ఏమంటరో చూడాలె గద."

కొంగు దాచింది నీ పని ఎవరూ దోచుకోకూడదనే అన్నాను.

"ఎవ్వరు దోచుకోలే పెద్దమ్మా," అన్నాడు. "ఎవ్వరు చూడను గూడ చూడలే."

డిసెంబరులో ఒకసారి నెట్ సెంటరుకు వెళ్లి చూశాను. అతను నేసిన మామిడిపిందెల అంచు చీర ఆమె కోడలి ఒంటి మీద ఉంది. కింద ఉన్న మాటలన్నీ చదివాను, నలభై మూడు. పిల్ల బాగుందన్నవాళ్లు, ధర అడిగినవాళ్లు, కోట ఎక్కడిదని అడిగినవాళ్లు. అంచు మాట ఎత్తినవాళ్లు ఒక్కరూ లేరు. అతను వాటిని చదివించుకున్నాడో లేదో నాకు తెలియదు. మళ్లీ నా దగ్గరికి మాత్రం రాలేదు.

పోయినవి ఇవి. పదకొండేళ్లు నాకు నేసిన మగ్గం ఒకటి. పాత కొనుగోలుదారులు నలుగురు, టీచరమ్మతో కలిపి. నెట్ సెంటరుకు రెండువందల ఎనభై ఐదు రూపాయలు. అమ్ముడుపోని చీరలు తొమ్మిది. మిగిలిన రెండు మగ్గాలూ 2009లో పోయాయి.