అన్నీ నాటకాలే

మొన్న హామిల్టన్‌లో చలికి తాళలేక ఒక పాత సామాన్ల కొట్లో దూరితే, తడిసి ఆరిన కాగితం వాసన వెంటే, ఎర్రటి ముక్కుతో, ఒక చేత నాటకమూ మరో చేత ప్రసంగమూ పట్టుకున్న బానపొట్ట పెద్దమనిషి బొమ్మ ఎదురైంది. జార్జి రాజుల కాలంలో లండన్‌లో నాటకాలు రాసి పార్లమెంటు సభ్యుడు కూడా అయిన ఆ పెద్దమనిషిని వెక్కిరిస్తూ ఇలాంటివి అచ్చేసి అమ్మేవారట. ఇలాంటిదే ఒకటి మా సుబ్బు మామయ్య బేస్‌మెంటు గోడ మీద ఉండేది. మా బాల్యమంతా దాని కిందే గడిచింది.

అమ్మకు తమ్ముడైన మామయ్యకు పగలు స్టీలు ఫ్యాక్టరీ, సాయంత్రం నాటకాలు. ఇల్లు వెచ్చబరిచే ఫర్నేసు గరగర, ఆరని మంచు బూట్ల కంపు, పైనుంచి దిగే అత్తయ్య పకోడీల వాసన మధ్య, పిల్లలం అట్ట కిరీటాలు పెట్టుకుని రిహార్సల్స్ చేసేవాళ్లం. ఎవరైనా డీలాపడితే మామయ్య ఆ బొమ్మ చూపించి, జనం ఇంత ఆడిపోసుకున్నా ఈయన వెనక్కి తగ్గాడా అనేవాడు. చలికాలంలో ఆయన ముక్కూ అచ్చం అలాగే ఎర్రబడేది.

ఇంత చేస్తే, ఉగాదికి తెలుగు సంఘం నాటకానికి ఇచ్చేది పాటలయ్యాక, భోజనాలకు ముందు, జనం ప్లేట్ల వైపు చూసే ఆ కాసేపే. ఆ ఉక్రోషంతో మామయ్య ఒక ఏడాది సంఘం ప్రెసిడెంటుగా పోటీచేశాడు. గెలిస్తే సాయంత్రమంతా నాటకానిదే. మేం మొక్కని దేవుడు లేడు.

ఉగాది నాడే ఓటింగు, బయట ఇంకా మంచే. స్కూలు జిమ్‌లో, వేపపువ్వు దొరక్క కాకరకాయ వేసి కలిపిన పచ్చడి గిన్నె పక్కనే, పోటీలో ఉన్న మూర్తి అంకుల్ మనుషులు ఒక కార్టూన్ అంటించారు. టమాటా ముక్కుతో, నెత్తిన కిరీటంతో మామయ్య. కింద "ఈయనకు ఓటేస్తే అన్నీ నాటకాలే" అని తెలుగులో. మా ఇంట్లో నాటకమంటే నాటకమే. దానికి దొంగవేషాలనే అర్థం కూడా ఉందని మాకెవరూ చెప్పలేదు. కూడబలుక్కుని చదివి, ఇది మామయ్య ఇస్తున్న హామీ అనుకుని, అదే నినాదంగా జిమ్ అంతా తిరిగి అరిచాం. జనం పొట్టలు పట్టుకున్నారు. అమ్మ ముఖం కందగడ్డలా అయింది. మామయ్య మాత్రం నింపాదిగా మైకు అందుకున్నాడు.

"పిల్లలు కరెక్టుగానే చెప్పారండీ. నాకు ఓటేస్తే అన్నీ నాటకాలే. టైముకి స్టార్ట్ చేస్తా కూడా."

చప్పట్లు పడ్డాయి గానీ ఓట్లు పడలేదు. నేను కారులో ఇంటిదాకా ఏడుస్తూనే ఉన్నాను. తర్వాతి వారం, గెలిచిన మూర్తి అంకుల్ బేస్‌మెంటు మెట్లు దిగి వచ్చి, వచ్చే ఉగాదికి సాయంత్రమంతా మీదే, కాకపోతే నాకూ ఒక వేషం కావాలి అని సిగ్గుపడుతూ అడిగారు. మామయ్య ఆయనకు మంత్రి వేషం ఇచ్చాడు. డైలాగులు మాత్రం ఇవ్వలేదు.

ఇప్పుడు మామయ్య లేడు. ఉగాదికి పెద్ద హాలు, హైదరాబాద్ నుంచి గాయకులు, కావలసినంత వేపపువ్వు. ఎవరినైనా వెక్కిరించాలంటే వాట్సాప్‌లో ఏదో ఫార్వర్డ్ చేస్తారు, కూర్చుని బొమ్మ గీసే ఓపిక ఎవరికుంది? నిన్న హోంవర్క్ ఎగ్గొట్టడానికి కడుపునొప్పి అన్న మా అమ్మాయిని "నాటకాలాడకు" అని కసిరితే, వెంటనే లేచి పుస్తకం తీసింది. ఆ మాట దానికి అంత బాగా తెలుసు. పాపం, అది ఇంతవరకు ఒక్క నాటకమూ చూడలేదు.