పైకి చదివిన బరువు

ఆ ప్రసూతి ఆసుపత్రిలో గర్భిణుల బరువు చూసే ఆయాని అందరూ కాటా అక్క అనేవారు. కాటా గుమ్మం పక్కన ఉండేది, బరువు రాసుకునే నర్సు హాలుకి ఆ చివర కూర్చునేది. మధ్యలో బెంచీల నిండా ఆడవాళ్ళు. ముల్లు ఎక్కడ ఆగిందో నర్సుకి వినబడాలంటే అరవక తప్పదు. అరవడంలో కాటా అక్క ఎవరికీ తీసిపోదు. కిలోలు చెప్పి ఊరుకున్నా బాగుండేది, వెనకే ఒక చమత్కారం తగిలించేది. బక్కపలచని మనిషి వస్తే "గాలొస్తే పట్టుకోండమ్మా" అనేది, లావుపాటి మనిషి వస్తే "ఇవాళ్టికి కాటాకి సెలవియ్యాలి" అనేది. బెంచీలన్నీ నవ్వేవి. పాపం కూర్చున్నవాళ్ళకి కాస్త పొద్దుపోతుంది కదా అని ఆవిడ ధీమా. నవ్వనివాళ్ళ ముఖాలు చూసే అలవాటు ఆవిడకి లేదు.

ఆవిడ చెల్లెలు బట్టలు కుట్టే షాపులో పనిచేసేది. చిన్నప్పటి నుంచీ బొద్దు మనిషి. పెళ్ళయిన చాలా ఏళ్ళకి కడుపు పండితే అక్కాచెల్లెళ్ళిద్దరూ ఎగిరి గంతేసినంత పనిచేశారు. మొదటిసారి చూపించుకోవడానికి వచ్చి చెల్లెలు కాటా ఎక్కింది. అక్క కిలోలు అరిచి, "మా ఇంట్లో నా వాటా కూడా ఇదే తినేసింది" అంది. హాలు గొల్లుమంది. చెల్లెలు కూడా నవ్వింది. చెప్పులు వేసుకోవడానికి మాత్రం చాలాసేపు వంగే ఉండిపోయింది.

డాక్టరమ్మ మంచిగానే చెప్పింది. "మీరు మరీ బరువు పెరగకూడదు. ఇద్దరి కోసం తినక్కర్లేదు. అలాగని పూట మానొద్దు. కూరగాయలు, పప్పులు, గుడ్లు, పళ్ళు వేళకి తినండి, తీపి తగ్గించండి, రోజూ కాస్త నడవండి." చెల్లెలు తలూపింది. ఆమె చెవిలో మొదటి మాటొక్కటే నిలిచింది.

తర్వాతిసారి బరువు పెరగలేదు. ఆ పైసారి కాస్త తగ్గింది కూడా. డాక్టరమ్మ అనుమానంగా చూసి, సరిగ్గా తింటున్నారా అంటే తింటున్నానంది. అక్క మురిసిపోయి, "చూసి నేర్చుకోండమ్మా మా చెల్లిని" అని హాలంతా చాటింది. కాటా దిగుతూ చెల్లెలు తూలి తన భుజం పట్టుకున్నా ఆవిడ పట్టించుకోలేదు. నోరు మంచిదైతే ఊరు మంచిదవుతుందంటారు. ఆ మహాతల్లి నోటికి కాసిని కళ్ళు కూడా ఉంటే బాగుండేది.

ఎనిమిదో నెల రాకముందే చెల్లెలు కుట్టు మిషను మీద తల వాల్చేసింది. షాపువాళ్ళు హుటాహుటిన ఆసుపత్రికి తెచ్చారు. ఎప్పుడు తిన్నారని డాక్టరమ్మ అడిగింది.

"రాత్రిపూట మానేశానండీ. బరువు చూసే రోజు దగ్గర పడితే పగలు కూడా."

"ఎందుకమ్మా అలా చేశారు?"

"అక్క పైకి చదువుతుంది కదండీ."

సెలైను సీసా పట్టుకుని పక్కనే నిలబడ్డ అక్క ఆ మాట విన్నది.

పాప నెలలు నిండకుండా పుట్టింది. గుప్పెడంత పిల్లని అద్దాల పెట్టెలో పెట్టి బతికించారు. "ఇందువల్లే అని గట్టిగా చెప్పలేం. పస్తులు మాత్రం మేలు చెయ్యలేదు" అంది డాక్టరమ్మ. అది అక్కకి ఓదార్పు కాలేదు. నీ తప్పే అని ఉంటే ఒకసారి ఏడ్చి ఊరుకునేది. ఇప్పుడు రోజూ పొద్దున్నే లేచి మళ్ళీ మొదటి నుంచి తేల్చుకోవాలి.

కాటాని ఆవిడే ఈడ్చుకెళ్ళి నర్సు బల్ల పక్కన, తెర వెనక పెట్టింది. అంకె నర్సు చెవిలో చెబుతుంది. కాటా ఎక్కకముందే ఏం తిన్నావమ్మా అని అడుగుతుంది. చేతులు కాలాక ఆకులు పట్టుకోవడమే అది, ఆ సంగతి ఆవిడకీ తెలుసు.

చెల్లెలు అక్కని ఒక్క మాటా అనలేదు. ఇంటికి వస్తుంది, పిల్లని ఎత్తుకోనిస్తుంది. టీకాలకి మాత్రం రెండు బస్సులు మారి వేరే ఆసుపత్రికి తీసుకెళుతుంది. అక్కడ రద్దీ తక్కువట.

"పాప బరువు పెరుగుతోందా?" అని ఒకసారి అక్క గొంతు తగ్గించి అడిగింది.

"పెరుగుతోందక్కా" అంది చెల్లెలు, పిల్లని ఈ భుజం మీంచి ఆ భుజం మీదికి మార్చుకుంటూ.

ఎంత ఉందో చెప్పలేదు.