ఆరూ పదికి మోగే ఫోన్

2024 జూలై 8, సోమవారం, ఉదయం ఆరు గంటల పది నిమిషాలు. నాన్నగారి ఫోన్ రెండుసార్లు మోగి ఆగిపోయింది. ఆయన పోయి అప్పటికి పదహారు రోజులు.

ఒక్క రోజూ తప్పకుండా అదే సమయానికి, అలాగే రెండు రింగులు. తెర మీద కనిపించే పేరు ‘బస్సు’. తిరిగి చేస్తే ఎవరూ ఎత్తరు. మోగగానే అమ్మ లేచి అన్నం వండుతుంది. నాన్నగారు మండపేట మిల్లుకు పట్టుకెళ్లే క్యారేజీ సర్ది, గుమ్మంలో నిలబడుతుంది. కాలువ గట్టు మీద బస్సు ఆగి, కదిలిన చప్పుడు విన్నాకే లోపలికి వస్తుంది. మధ్యాహ్నం అందులోదే నాలుగు ముద్దలు తింటుంది. మాట మాత్రం ఉండదు.

ఇది ఇలాగే సాగితే అమ్మ కూడా నాకు దక్కదేమోనని భయం వేసింది. ఫోన్ నేను ఆపేస్తే అడుగుతుంది. చేసేవాళ్లే మానేస్తే అడగదనుకున్నాను. వాళ్లను వెతుక్కుంటూ ఆ ఉదయం గట్టు మీదికి వెళ్లాను. మా ఇంట్లో డిగ్రీ దాకా చదివింది నేనొక్కదాన్నే. ఐదో తరగతి నుంచీ హాస్టళ్లలో ఉన్నందువల్ల, మా గుమ్మం ఎదుట రోజూ ఆగే ఆ బస్సును అంతవరకూ ఒక్కసారీ ఎక్కలేదు.

బస్సు నా దగ్గర ఆగలేదు. పది అడుగుల అవతల, నాన్నగారు నిలబడే తూము దగ్గర ఆగింది. అక్కడ ఎవరూ లేరు. నేను నడిచి వెళ్లి ఎక్కుతుంటే కండక్టరు నా వెనక్కి చూశాడు, ఇంకెవరో రావలసి ఉన్నట్టు.

“డిగ్రీ అమ్మాయిగారు మీరేనాండి? మీ మార్కులు మాకందరికీ కంఠతా వచ్చు. ఇంగ్లీషులోనే కాస్త తగ్గాయి.”

వెనక ఎవరో నవ్వబోయి ఊరుకున్నారు.

జనం నిలబడి ఉన్నారు. అయినా మూడో వరుసలో కిటికీ పక్క సీటు ఖాళీగా ఉంది. దాని పక్కన గోంగూర కట్టల బుట్ట ఒళ్లో పెట్టుకుని ఒక ముసలావిడ కూర్చుని ఉంది. “కూర్చో తల్లీ,” అంటూ కాళ్లు ముడుచుకుంది. తల ఆనే చోట కిటికీ రేకు నూనె మరకతో నల్లబడింది. ఆ నూనె వాసన నాకు తెలుసు.

నాన్నగారి ఫోన్ తీసి ‘బస్సు’కు చేశాను. గోంగూర కింద మోగింది.

“మామ్మగారూ, మా నాన్నగారు చనిపోయారండి,” అన్నాను, దరఖాస్తు చదువుతున్నట్టు.

“తెలుసమ్మా. ఆ వారమే తెలిసింది.”

“మరి ఎందుకు చేస్తున్నారండి?”

ఆవిడ ఒక కట్టకు వదులైన తాడు బిగించింది. “ఇదివరకు మీ నాన్న కోసం చేసేదాన్ని, బస్సు బయల్దేరిందని. మా ఆయన పోయినప్పుడు మూడు నెలలు నేను పొయ్యి వెలిగించలేదు. లేపే మనిషి లేక. మీ అమ్మను నేను చూడలేదు గానీ, మోగితే లేస్తుంది కదా అనుకున్నాను. తింటోందా?”

“తింటోందండి.”

“మానెయ్యమంటావా?”

మండపేట వచ్చింది. దిగబోతూ అన్నాను: “మానకండి.”

అమ్మకు ఈ సంగతి ఇప్పటికీ చెప్పలేదు. నాన్నగారి ఫోన్‌ను ప్రతి రాత్రీ నేనే ఛార్జింగ్‌లో పెడుతున్నాను. మండపేటలో ఒక ఆఫీసులో గుమాస్తాగా చేరాను. అమ్మ ఇప్పుడు రెండు క్యారేజీలు సర్దుతోంది. బస్సు తూము దగ్గరే ఆగుతోంది; నేనూ అక్కడే నిలబడుతున్నాను.