పట్టుపురుగుల షెడ్డులో ముత్తాత కోటు

మా ముత్తాత స్కాట్లాండు నుంచి రైలు పట్టాల పని మీద కుప్పం వచ్చాడు. పని అయిపోయాక తోటివాళ్ళు ఓడెక్కితే, ఈయన మాత్రం పుంగనూరు దగ్గర మెట్ట నేల కొన్నాడు. ఎందుకు కొన్నాడో ఆ రాళ్ళు చూసినవాళ్ళెవరికీ అర్థం కాదు. ఆ తర్వాత మా మగవాళ్ళంతా ఇక్కడి అమ్మాయిలనే చేసుకున్నారు. అయినా నేను ఎండలో గంట నిలబడితే టమాటాలా పండిపోతాను. మదనపల్లె మార్కెట్లో కొత్తవాళ్ళు నన్ను ఇంగ్లీషులో పలకరిస్తారు. నేను నోరు తెరవగానే జడుసుకుంటారు.

నన్ను దొర అనడం మానేసి రైతు అంటే చాలని నా కోరిక. నిజానికి మా ఇంట్లో రైతు మా ఆవిడే. పట్టుపురుగులు ఆమెవి, మల్బరీ తోట ఆమెది, షెడ్డులో మాట కూడా ఆమెదే. తలకు నూనె రాసుకుని లోపలికి రాకూడదు, పౌడరు పూసుకోకూడదు, పక్కన ఎవరూ బీడీ కాల్చకూడదు. పురుగుకు వాసన పడదు.

పోయిన చలికాలం ఆమె గుడుపల్లెలో చెల్లెలింటికి వెళ్తూ షెడ్డు నాకు అప్పజెప్పింది. పురుగులు పొర విడిచే నాలుగో నిద్ర లేచి ఆకు ఆబగా తింటున్నాయి. ఇంకో వారంలో గూళ్ళు కడతాయి.

"ఆకెయ్యి, తలుపు మూయి, అంతే. తెలివి సూపించొద్దు," అంది.

ఆ మర్నాడే స్కాట్లాండు నుంచి దూరపు బంధువొకాయన ఫోన్లో నా ఫొటో అడిగాడు. ఆయనకు మా వంశం ముచ్చట ఎక్కువ. నాకు తెలివి చూపించాలనిపించింది. ట్రంకు పెట్టె తెరిచి ముత్తాత ఉన్ని కోటు తీశాను. దానికి పురుగు పట్టకూడదని తరతరాలుగా కలరా ఉండలు వేస్తూనే ఉన్నాం. ఆ పెట్టెలో కోటు కంటే ఉండలే ఎక్కువ. జేబుల నిండా కూడా అవే. ఆ కోటు తొడుక్కుని పురుగుల అరల మధ్య నిలబడి, గడ్డం పైకెత్తి ఫొటో తీసుకున్నాను. ఉక్కగా ఉంటే కోటు విప్పి కొయ్యకు తగిలించి, తలుపు మూసి వచ్చేశాను. తర్వాత మేత వేయడానికి వెళ్ళినప్పుడు ముక్కుకు ఘాటు తగిలింది. అరల్లో చల్లే సున్నం వాసన అనుకున్నాను!

మర్నాడు మా ఆవిడ బస్సు దిగి షెడ్డు తలుపు తీసి, గడప మీదే ఆగిపోయింది. "ఏందయ్యా ఈ వాసన?"

కొయ్య దగ్గరి అరల్లో పురుగులు తలలెత్తి ఊగుతూ పచ్చగా కక్కుతున్నాయి. సగం పోయాయి. ఆమె నన్ను తిట్టలేదు. కోటు బయట పారేసి, బతికినవాటిని ఏరుకుంటూ కూర్చుంది. నేను గుంట తవ్వి, సున్నం చల్లి, చచ్చినవాటిని పూడ్చాను. మా వంశంలో ఇంత సిగ్గుపడినవాడు ఇంకొకడు ఉండడు.

సాయంత్రం పక్క చేను ఆయన వచ్చాడు. నాకంటే పెద్దవాడు, టమాటా రైతు. గుంట వైపు చూస్తూ నిలబడ్డాడు.

"నా వల్లే పోయినాయప్పా. మొన్న టమాటాకు మందు కొట్టినా. గాలి మీ మల్బరీ పక్కే తోలతా ఉండె. నేను సూసుకోవాల్సింది."

మా ఆవిడ నా ముఖంలోకి చూసింది. నిజం నాలుక చివరిదాకా వచ్చింది. కానీ కోటు, ఫొటో, గడ్డం పైకెత్తడం, ఇదంతా ఈయనకు ఎలా చెప్పను?

"పోనీలేన్నా," అన్నాను. అంటే నేను ఆయన్ని క్షమించాను! మా ఆవిడ లేచి లోపలికి వెళ్ళిపోయింది. ఆ రోజు నుంచి నాతో మాట్లాడలేదు.

మూడో రోజు పొద్దున గట్టు మీద నడుస్తుంటే ఆయన టమాటా ఆకుల మీద నల్ల మచ్చలు కనిపించాయి. చేనంతా పాకుతున్నాయి. ఆయన ఊరికే కూర్చుని ఉన్నాడు.

"మందు కొట్టలేదేమన్నా?"

"మీ పురుగులు గూడు కట్టేదాకా కొట్టనులేప్పా. ఒకసారి సేసిన పాపం సాలు."

అక్కడే గట్టు మీద కూలబడి అంతా చెప్పేశాను. కోటు, కలరా ఉండలు, ఫొటో, ఆయన్ని క్షమించడం, అన్నీ. నవ్వుతాడనుకున్నాను, లేదా కొడతాడనుకున్నాను. ఆయన లేచి, స్ప్రేయరు వీపుకు తగిలించుకున్నాడు.

"గాలి ఎటు తోలతా ఉండాదో సూసి సెప్పప్పా. మిగిలినవాటికన్నా తగలకుండా కొడతా."

గాలి మా తోట వైపు లేదు. అవతలికి వీస్తోంది. చెయ్యెత్తి చూపించాను.