నాలుగు బస్తాల అవ్వ

"నెలకు నాలుగు బస్తాల బియ్యం కొనేదానివి, నీకు పింఛనెందుకమ్మా?"

1997లో ఉప్పల్ మండలాఫీసులో మల్లవ్వను అడిగిన ప్రశ్న ఇది. అడిగిన అధికారి చెడ్డవాడేమీ కాదు. ఆ ఏడు పింఛన్ల ఖర్చు తగ్గించమని పైనుంచి ఆదేశం. కోత అనే మాట ఎవరూ వాడలేదు, అనర్హుల ఏరివేత అన్నారు. నెలకొచ్చే డెబ్బై ఐదు రూపాయలతో మందులు, కిరసనాయిలు, పొగాకు నెట్టుకొచ్చే మల్లవ్వకు తానెప్పుడు అనర్హురాలైందో అర్థం కాలేదు.

"మీ బస్తీ కిరాణా ఆయనే చెప్పాడు" అన్నాడు అధికారి.

"అవి హాస్టల్ బియ్యం సారూ. నేను తినేది గింత."

"అయితే వార్డెన్‌తో కాగితం రాయించుకురా."

బస్తాల మాట నిజమే. నాచారంలో ఆమె ఇంటి వీధి చివర సర్కారీ హాస్టల్లో ముప్పై మంది పేదపిల్లలుండేవారు. వంటమనిషి రిటైరైతే ఆ పోస్టు నింపలేదు. వార్డెన్ గోపాలరావు రెండు పూటల తిండి పెట్టి మల్లవ్వను పొయ్యి దగ్గర కూర్చోబెట్టాడు. కాగితం మీద హాస్టల్‌కు ఆమె ఏమీ కాదు. పిల్లలంటే ఆమెకు ప్రాణమని రాస్తే బాగుంటుంది గానీ, నిజం కాదు. అన్నం కాస్త ఆలస్యమైతే కంచాలు మోగించే ముప్పై మంది మీద ఎవరికి ప్రేమ పుడుతుంది? "మీ నోట్ల మన్నువడ, జర ఉడకనియ్యిన్రి" అని గరిటె చూపించేది.

తర్వాత మెస్ బిల్లులు కూడా ఆగిపోయాయి. కోటా బియ్యం విడిపించడానికి డబ్బు లేదు. గోపాలరావు బిల్లులు వచ్చాక కడతానని బియ్యం ఉద్దెర అడిగితే కిరాణా కొమురెల్లి ఒప్పుకోలేదు.

"సారుదేమున్నది? బదిలీ అయితే పెట్టె సర్దుకుంటడు. నీ పేరు మీదైతే ఇస్త అవ్వా. నువ్వు యాడికి పోతవ్?"

వీధి వదిలి పోలేనివాళ్లకే ఉద్దెర పుడుతుంది. ఆ లెక్కన మల్లవ్వ ఆ వీధిలో అందరికన్నా గట్టి ఆసామి. హాస్టల్ పొయ్యి ఆరితే తన రెండు పూటలూ పోతాయి గనక సరేనంది.

మనిషి గుట్టు తెలుసుకోవాలంటే ఎవరైనా ముందు వెళ్లేది కిరాణా కొట్టుకే. పెళ్లి సంబంధాలవాళ్లు వాకబు చేసేదీ అక్కడే. అడిగినవాళ్లతో తన ఖాతాదారులందరినీ పక్కా మనుషులని చెప్పడం కొమురెల్లికి అలవాటు. పింఛన్ విచారణకు వచ్చినవాళ్లకూ అదే చెప్పాడు. "మల్లవ్వనా? మస్తు పక్కా మనిషి. నెలకు నాలుగు బస్తాలు తీస్కపోతది."

ఆమె గోపాలరావు దగ్గరికి వెళ్లి, అధికారి తెమ్మన్న కాగితం అడిగింది.

"అనుమతి లేకుండా అప్పు తెచ్చానని నేనే రాసిస్తే ఎలా అవ్వా? హాస్టల్ మూసెయ్యడానికి సాకు వెతుకుతున్నారు. పిల్లలేమైపోతారు?"

"పిల్లలను నడుమ పెట్టకు సారూ. నౌకరి పోతదని చెప్పు, సాలు."

 అతను కాగితం రాయలేదు.

సంగతి తెలిసి కొమురెల్లి సిగ్గుపడ్డాడు. కొట్టు మూసి ఆమెను వెంటబెట్టుకుని ఉప్పల్ వెళ్లాడు. అధికారి అంతా విని, "మొన్న చెప్పింది అబద్ధమా, ఇవాళ చెప్పేదా?" అన్నాడు. పింఛన్ తిరిగి రాలేదు.

బస్సులో మల్లవ్వ అడిగింది. "గంత గొప్పగ ఎందుకు చెప్పినవ్‌రా?"

"నీ ఇజ్జత్ కోసమే అవ్వా."

"మంచిగ పెంచినవ్ తియ్. ఇగ ఆ ఇజ్జతే ఉడకేస్కొని తింట."

వేసవి సెలవుల్లో ఆ హాస్టల్‌ను దూరాన మరో హాస్టల్లో కలిపేశారు. కొందరు పిల్లలు అక్కడికి వెళ్లారు. కొందరు మల్లాపూర్ వర్క్‌షాపుల్లో పనికి కుదిరారు. మల్లవ్వ రెండు పూటల తిండీ అక్కడితో ఆగింది. గోపాలరావు పెట్టె సర్దుకున్నాడు. ఆగిన బిల్లుల్లో సగం మంజూరైతే, వెళ్లేముందు ఆ డబ్బు కొమురెల్లికి కట్టాడు.

మిగిలిన మూడు వేల రెండు వందల రూపాయలు ఇప్పటికీ మల్లవ్వ పేరు మీదే బాకీ ఉన్నాయి.