తడిసిన పోస్టరు

మా మనవరాలు ఎం.ఏ. చదువులో భాగంగా ఫిలిప్పీన్స్ దేశపు శృంగార సినిమాల మీద తెలుగులో వ్యాసం రాసింది. ఎల్బీ నగర్‌లో మా ఇంట్లో దానికి పెద్ద లొల్లి అయింది.

"ఆడివిల్ల రాసే ముచ్చటేనా గిది? రేపే పోయి ఇంకో టాపిక్ అడుగు," అన్నాడు నా కొడుకు.

"ఆర్నెల్లు కష్టపడ్డ నాయినా!" అంటూ పిల్ల ఏడుపు మొహం పెట్టింది.

కాగితాలు నేను లాక్కున్నాను. మనవరాలు ఒకటో తరగతిలో ఉన్నప్పుడు దాని పలక మీదే నేనూ అక్షరాలు దిద్దాను. ఇప్పటికీ వేలు పెట్టుకునే చదువుతాను.

ఆ దేశంలో జనం ఆదివారం చర్చికి పోతారట, ఆ జనమే ఈ సినిమాలకూ వరుస కడతారట. మొదట్లో బట్టల్లేకుండానే చూపించేవారట. వాటిని బోంబా సినిమాలనేవారు. తర్వాత సైనిక చట్టం పెట్టిన పాలకుడు అది కుదరదన్నాడు. సినిమావాళ్ళు హీరోయిన్‌కు పల్చటి తెల్లబట్ట తొడిగి నీళ్ళలో ముంచారు. ఒంటి మీద బట్ట ఉంది కదా, ఇంకేం పేచీ? కొన్నాళ్ళకు ఆ ప్రభుత్వమే తన పెద్ద హాల్లో కత్తెర పడని సినిమాలు ఆడించింది.

నాకు నవ్వాగలేదు. "గిసొంటివి నేనూ చూసిన," అన్నాను.

"నువ్వెక్కడ చూసినవ్ నానమ్మా?"

కొడుకు వైపు తిరిగాను. "చంపాపేట్ దవాఖానల ఊడుస్తున్న అని నీకు చెప్పేదాన్ని. అబద్ధం. నేను ఊడ్చింది దిల్‌సుఖ్‌నగర్ టాకీసుల. పొద్దటాట అన్నీ గిసొంటి సిన్మాలే. నువ్వు తిన్న బువ్వ గా పైసలదే."

ఇక దాచడానికి ఏమీ లేదు కనుక అంతా చెప్పాను.

ఊడవడమే కాదు, మైదాపిండి ఉడికించి జిగురు కాచేదాన్ని. పోస్టరు మీద ఆడమనిషి రొమ్ముకూ తొడలకూ కాగితం ముక్కలు అంటించడం నా పనే. ముక్కలు పాత క్యాలెండర్లవి. బొమ్మ లోపలికి, తెల్లవైపు బయటికి. ఒక రోజు పొద్దున్నే వాన కొట్టింది. కాగితం తడిసి, వెనకున్న లక్ష్మీదేవి ఆ పోస్టరు పిల్ల రొమ్ము మీద తేలింది.

టికెట్ల వరుసలో ఉన్న మగవాళ్ళంతా మండిపడ్డారు. "దేవుని గిట్ల చేస్తరా? సిగ్గుశరముండాలె!" అన్నారు. కోస్తా నుంచి వచ్చిన మా మేనేజరు పరుగున వచ్చాడు. "ఏవమ్మా, కళ్ళు కనబడట్లేదా? అమ్మవారిని ఎక్కడ పెట్టావో చూశావా?" అని నెత్తి బాదుకున్నాడు. నేను స్టూలెక్కి, అమ్మవారిని జాగ్రత్తగా ఊడదీసి కళ్ళకద్దుకున్నాను. వరుసలోనివాళ్ళూ దండం పెట్టారు. తర్వాత ఒక్కడూ ఇంటికి పోలేదు, అందరూ టికెట్ కొనుక్కుని లోపలికి పోయారు. కాగితం లేని ఆ పిల్ల సాయంత్రం దాకా వానలోనే ఉంది. ఆమెది ఏ ఊరో, ఎవరి బిడ్డో మేమెవరమూ అడగలేదు.

"గా లక్ష్మమ్మ బొమ్మ ఏం జేసినవ్?" అన్నాడు నా కొడుకు.

"నువ్వు రోజూ మొక్కేది గా బొమ్మకే. ఫ్రేం కట్టించిన."

వాడు కాగితాలు సర్ది కూతురి చేతికిచ్చాడు. "గిదే టాపిక్ ఉండనీ. నానమ్మ ముచ్చట మాత్రం అండ్ల రాయకు," అన్నాడు.

మనవరాలు రాయలేదు. అందుకే నేను రాశాను.