శుక్రవారం సాయంత్రం అడిగిన బియ్యం

నగర్తపేటలో మా భజన మండలి ఆడవాళ్లం ఆసుపత్రి బయట కాచుకునే రోగుల బంధువులకు రోజూ రాత్రి అన్నం పెడతాం. పోయిన ఏడాది ఒక శుక్రవారం బియ్యం చాలలేదు. దీపాలు పెట్టే వేళ, ఎప్పుడూ బియ్యమిచ్చే శెట్టిగారి అంగడికి పరుగెత్తాను.

"ఏమమ్మా, అన్ని పూజలు చేసేదానివి! శుక్రవారం దీపం పెట్టినాక ఇంట్లో లక్ష్మిని బయటికి పంపమంటావా?" అన్నారాయన. అంగడిలో అందరూ నా వైపే చూశారు. సిగ్గుతో చచ్చిపోయాను. అక్కడ జనం ఆకలితో ఉంటారే, ఈయన ఇక ఎప్పటికీ ఇవ్వరేమో అని భయం వేసింది.

లోపలినుంచి వాళ్లమ్మ కేకేసింది. "బియ్యం ఇయ్యకూడదు గానీ అన్నం పెట్టొచ్చు కదరా! ఇక్కడే వండించు."

కాసేపటికి శెట్టిగారే అన్నం గుండిగతో ఆసుపత్రి దగ్గరికి వచ్చి, చొక్కా చేతులు మడిచి వడ్డించారు. ఇప్పుడు ప్రతి శుక్రవారం వస్తారు, సారులో, అదే చారులో, ఉప్పు తక్కువైందని నన్ను కోప్పడతారు కూడా. బియ్యం అడగబోయిన నాకు స్వామి వడ్డించే మనిషిని ఇచ్చాడు.